తొమ్మిదీ పదిహేనుకు శాలిబండ మీద

శాలిబండ బాలనర్సింహ ఒక శనివారం పొద్దున నాలుగు జెట్టు విమానాలను చేత్తోనే పక్కకు జరగమని సైగ చేసి, వాటి నడుమ నుంచి తన చిన్న విమానాన్ని దూర్చి, చార్మినార్ చుట్టూ నాలుగు చుట్లు తిరిగి, భార్య ఊపుతున్న ఎర్రచీర కొంగును రెక్కతో తాకి పోయాడు. కళ్లారా చూసినవాళ్లు గల్లీలో నలభై మంది ఉన్నారు. ఆ రోజు ఊళ్లో లేనివాళ్లను కూడా కలుపుకుంటే అరవై మంది అవుతారు. పాల భిక్షపతి బర్రెలు కూడా చూసి, ఆ బెదురుకు రెండు పూటలు పాలివ్వలేదని అతను మైసమ్మ తల్లి మీద ఒట్టేసి చెబుతాడు. ఒట్టేసి చెప్పినా అతని పాలలో నీళ్లు నీళ్లే.

బాలనర్సింహ పైలట్ కాడు. విమానాల క్లబ్బులో పంకా తిప్పే మనిషి. అక్కడున్న పాత పసుపుపచ్చ విమానానికి మీట నొక్కితే ఇంజను లేవదు. ముందున్న చెక్క పంకా రెక్కను రెండు చేతులా పట్టి, ఒక్క గుంజు గుంజి, అదే ఊపులో వెనక్కి జరగాలి. జరగడం మరిచిపోయినవాడికి రెండోసారి గుర్తుచేసే పని ఉండదు. అట్లా పంతొమ్మిదేళ్లు గుంజాడు. అతని చేతి గుంజుతో ఎంతమంది దొరబిడ్డలు పైకి పోయి వచ్చారో లెక్కలేదు. అతను మాత్రం ఎన్నడూ పోలేదు. అందులో సీట్లు రెండే. ఒకటి నేర్పేవాడిది, ఒకటి నేర్చేవాడిది.

"పంతొమ్మిదేండ్ల సంది పెండ్లిల బాజా కొడ్తున్నవ్, ఒక్కనాడన్న బంతిల కూసున్నవా?" అని భార్య రాజమణి ఎగతాళి చేసేది. అతను నవ్వి ఊరుకునేవాడు. నవ్వు మూతిదాకానే వచ్చేది.

డెబ్బై నాలుగో సంవత్సరం మాఘమాసంలో క్లబ్బుకు మీట నొక్కితే లేచే కొత్త విమానం వచ్చింది. పాతదాన్ని నాగపూర్ ఆసామి ఒకడు కొన్నాడు. ఆదివారం పొద్దున వచ్చి తోలుకుపోతానన్నాడు. పంకా పోతే పంకా తిప్పేవాడు ఎందుకు? నెలాఖరుతో పని బందు అని చెప్పేశారు. విమానం పోయేముందు మిగిలింది ఒక్క శనివారం. ఆ రోజు బేగంపేటలో ఎయిర్‌షో. పాత విమానాన్ని ఆఖరిసారి జనానికి చూపిద్దామని తీసుకుపోతున్న కెప్టెన్ ప్రకాశం, బాలనర్సింహ భుజం మీద చెయ్యేశాడు.

"వెనక సీటు ఖాళీనే ఉంటది. పంకా తిప్పు, ఉరికొచ్చి ఎక్కు. సరేనా?"

బాలనర్సింహ "సార్" అన్నాడు. మళ్లీ "సార్" అన్నాడు.

ఎయిర్‌షో నాటి ఆకాశం రంజాన్ నెలలో చార్మినార్ బజారు లాంటిది. సందు దొరికినప్పుడే దూరాలి. చిన్న విమానాలను ముందురోజే ఊరవతలికి పంపేశారు. పసుపుపచ్చది వెనక సీట్లో పెట్రోలు డబ్బాలు వేసుకుని ఇబ్రహీంపట్నం తోవలో ఉన్న మట్టి మైదానానికి చేరింది, బాలనర్సింహ బస్సులో చేరాడు. శుక్రవారం మధ్యాహ్నం కెప్టెన్, బాలనర్సింహ ఆ మట్టిలోనే గొంతుక్కూర్చుని, పుల్లతో గీతలు గీస్తూ లెక్క కట్టారు.

"తొమ్మిదీ ఇరవై దాంక జెట్లు. తొమ్మిదిన్నరకు ప్యారాచూట్లోళ్లు దుంకుతరు. నడుమల మనకిచ్చింది అయిదే నిమిషాలు. ముందుగాల పోతే జెట్ల కింద పడ్తం. ఆలస్యమైతే మన నెత్తి మీద మనుషులు పడ్తరు."

"ఈడికెల్లి ఎంతసేపు సార్?"

"పదిహేను నిమిషాలు. అంటే తొమ్మిదీ అయిదుకు చక్రం లేవాలె. పది నిమిషాలు ఇంజను కాగాలె. తొమ్మిదికి అయిదు తక్కువకు నువ్వు పంకా తిప్పాలె."

"శాలిబండ మీదికి ఎప్పుడొస్తం సార్?"

కెప్టెన్ నవ్వి పుల్లతో ఇంకో గీత గీశాడు. "తొమ్మిదీ పదిహేనుకు."

ఆ రాత్రికే గల్లీ అంతా తెలిసిపోయింది. రాజమణి తన పెండ్లినాటి ఎర్రచీర ఊపుతుంది. బాలనర్సింహ పైనుంచి పచ్చ దస్తీ ఊపుతాడు. అంతా ఖరారయ్యాక రాజమణి క్యాలెండరు చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"శనివారం తొమ్మిదింటి నుంచి పదిన్నర దాంక రాహుకాలమయ్యా!"

"జెట్లోళ్లకు లేదా రాహుకాలం?"

"ఆళ్ల సంగతి ఆళ్ల పెండ్లాలు చూసుకుంటరు. నువ్వు ప్రస్థానం పెట్టు."

మంచి గడియలో బయలుదేరడం కుదరనప్పుడు ఒక సంచినో, బట్టనో ముందుగా ఇంకో ఇంట్లో పెట్టి వస్తారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. రాహువు కళ్లు గప్పడానికి పెద్దలు కనిపెట్టిన ఉపాయం ఇది. శనివారం ఎనిమిదింటికే బాలనర్సింహ తన చేతిసంచిని మైదానం కావలి మైసయ్య గుడిసెలో పెట్టాడు. దాంతో అయిపోవాలి.

అయిపోలేదు. ఒక ఆలోచన పురుగులా తొలిచింది. సంచి బయలుదేరింది సరే, తను నడిచి పోవడం లేదు కదా. పోయేది విమానం. మరి దాని ప్రస్థానం?

కెప్టెన్ గుడిసె దగ్గర చాయ తాగుతున్నాడు. ఎనిమిదీ నలభై. బాలనర్సింహ చక్రాల కింది రాళ్లు తీసి, రెక్క కింది కడ్డీకి భుజం ఆనించి, విమానాన్ని ఉత్తర దిక్కుకు, అంటే బేగంపేట వైపుకు, మైదానం అంచుదాకా పది అడుగులు నెట్టాడు. తేలికపాటి విమానం, ఒక్క మనిషికే కదులుతుంది. దండం పెట్టుకుని మళ్లీ వెనక్కి లాగి, రాళ్లు పెట్టాడు. మనసు నిమ్మళమైంది.

ఆ ఉత్తరపు అంచు ఎట్లాంటిదో అతనికంటే బాగా తెలిసినవాడు లేడు. నిన్న సాయంత్రం మైదానమంతా తన చేత్తోనే ఊడ్చి, తుమ్మముళ్లు ఏరి, ఆ అంచుకే కదా చిమ్మింది.

తొమ్మిదికి అయిదు తక్కువకు పంకా గుంజాడు. ఒక్క గుంజుకే ఇంజను అందుకుంది. పంతొమ్మిదేళ్లలో అంత తేలిగ్గా ఎన్నడూ అందుకోలేదు. కాగనిచ్చి, తొమ్మిదీ మూడుకు వెనక సీట్లోకి ఎక్కి పట్టీ బిగించుకున్నాడు. దస్తీ జేబులో ఉందో లేదో రెండుసార్లు తడుముకున్నాడు. మైసయ్య రాళ్లు లాగేశాడు. విమానం నాలుగు గజాలు కదిలి, కుంటి మేకలా ఎడమకు ఒరిగింది.

కెప్టెన్ ఇంజను ఆపి దిగాడు. ఎడమ టైరు నేలకు అంటుకుపోయింది. బాలనర్సింహ మోకాళ్ల మీద కూర్చుని ముల్లు పీకాడు. వేలెడంత ఉంది, తెల్లగా.

"ఈడ ముల్లెక్కడిది? నిన్ననే ఊడ్చినవ్ కదా!"

"నేనే సార్" అన్నాడు బాలనర్సింహ. పది అడుగుల సంగతి చెప్పాడు. కెప్టెన్ తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత బరువు దిగేది. గడియారం చూసి, "అతుకు ఏస్తవా?" అన్నాడు.

మైసయ్య రెక్కను భుజం మీద ఎత్తిపట్టాడు. చక్రం ఊడదీసి, ట్యూబు గుంజి, మైసయ్య సైకిలు సంచిలోని రబ్బరు ముక్కను గరుకు కాగితంతో రుద్దుతున్నాడు బాలనర్సింహ. పనికి అలవాటు పడ్డ చేతులు. బంక ఆరుతుండగా దక్షిణం నుంచి చప్పుడు వినిపించింది. తల ఎత్తకుండానే, అది చిన్న ఇంజనని, తనది కాదని తెలిసింది. ఇంకో ఊరి తెల్ల విమానం నెత్తి మీదుగా శాలిబండ వైపు పోయింది. వేళకు రాలేమని కెప్టెన్ రేడియోలో చెప్పగానే, ఖాళీ అయిన సందును బేగంపేటవాళ్లు దానికి ఇచ్చేశారు.

అతుకు పట్టేసరికి తొమ్మిదీ ముప్పై. ఇంకో సందు దొరుకుతుందా అని కెప్టెన్ మళ్లీ రేడియోలో అడిగాడు. సాయంత్రం దాకా ఆకాశం బందు అన్నారు. సాయంత్రానికి చీకటి పడుతుంది, ఆ మైదానంలో దీపాలు లేవు. రేపు పొద్దునకు విమానం ఇంకొకరిది.

మధ్యాహ్నం బస్సు దిగి గల్లీలోకి వచ్చిన బాలనర్సింహ మెడలో భిక్షపతి బంతిపూల దండ వేశాడు.

"అన్నా, ఏం తోలినవే! మా మిద్దె మీదికెల్లే పోయినవ్!"

"నేను గాదు భిక్షపతీ. టైరు పంచరైంది."

"సూడుండ్రి, ఎంత అణకువనో!"

రాజమణి ఇంట్లో చీర మడతపెడుతోంది. కళ్లు మెరుస్తున్నాయి. "సరిగ్గ తొమ్మిదీ పదిహేనుకే వస్తివి. దస్తీ గుడ కనవడ్డది."

"కనవడలే రాజమణీ. నేను పోలే."

"పసుపుపచ్చ విమానం నా కండ్లతోని చూసిన!"

అది తెల్లదని అన్నాడు. ఆమె నవ్వింది, పంతొమ్మిదేళ్లలో ఎన్నడూ నవ్వనట్టు. అతను జేబులోంచి మడత విప్పని దస్తీ తీసి చూపించబోయి, మళ్లీ లోపలే పెట్టుకున్నాడు. పోగొట్టుకున్నదాని కోసం ఏడవడానికి కూడా అతనికి ఆ ఇంట్లో చోటు లేకపోయింది.

ఆదివారం తెల్లవారి మట్టి మైదానంలో నాగపూర్ ఆసామి ముందు సీట్లో, అతని తమ్ముడు వెనక సీట్లో కూర్చున్నారు. ఎవరో ఒకరు పంకా తిప్పాలి. బాలనర్సింహ గుంజాడు, వెనక్కి జరిగాడు. అతుకు వేసిన టైరు నేలను బాగానే వదిలింది. అది చుక్కయ్యేదాకా చూసి, మైసయ్య గుడిసెలో మరిచిన చేతిసంచి తీసుకుని బస్సెక్కాడు.

ఇప్పుడు శాలిబండలో సైకిళ్ల దుకాణం పెట్టుకున్నాడు. రోజుకు పది పంచర్లు. పాల డబ్బాల సైకిలుతో వచ్చిన భిక్షపతి, అక్కడ నిలబడ్డ కొత్త మనిషి ఎవరు దొరికినా కథ ఎత్తుకుంటాడు. జెట్లు మొదట్లో రెండే, ఇప్పుడు నాలుగయ్యాయి. వచ్చే ఏటికి ఎనిమిదవుతాయి. మొన్న కార్వాన్ నుంచి వచ్చిన ఒకాయన నోరు తెరుచుకుని విని, "నిజమేనా భాయ్?" అని బాలనర్సింహనే అడిగాడు.

బాలనర్సింహ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందో చూస్తూ చెప్పాడు:

"నేను ఎక్కలే. గది తెల్లది, వేరేటోళ్లది. గప్పుడు నేను కింద కూసొని టైరుకు అతుకు ఏస్తున్న."