చెవుల్లో దూది

తమ్ముడు మోరిస్ ఒక తగువు గెలవడం వయొలెట్ కళ్లారా చూసింది. తెల్లవాళ్ల పాలన రోజులు, సీ కౌ లేక్ పేటలో తెలుగువాళ్ల పెళ్లి. మోరిస్ బ్యాండులో డ్రమ్ములు వాయించే సిఫో నల్లవాడు, జులూవాడు కాబట్టి తెర వెనక కూర్చోవాలన్నాడు పెళ్లికూతురి మేనమామ.

"సరే మామా, మేమందరం వెనకే ఉంటాం. ముందు నిలబడి నువ్వు పాడు," అంటూ మోరిస్ గిటారు పెట్టెలో సర్దేశాడు.

మేనమామే వెళ్లి తెర తీసేశాడు. కానీ అవ్వలు వడ్లు దంచుతూ పాడుకున్న తెలుగు పాటను కరెంటు గిటారు మీద ఆ హోరున వాయిస్తే జనానికి మింగుడుపడలేదు. వయొలెట్ అయితే చెవుల్లో దూది కుక్కుకుంది. ఆ తర్వాత బ్యాండును పిలిచినవాడు లేడు. మోరిస్ ఇరవై ఏళ్లు బూట్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు గానీ, సిఫోతో కలిసి వాయించడం మాత్రం మానలేదు.

తొంభై నాలుగులో, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ మనవాళ్లూ మొదటిసారి ఒకే వరసలో నిలబడి ఓటేసిన వారం, పక్కపేట స్ప్రింగ్‌ఫీల్డ్ కుర్రకారు సరిగ్గా ఆ పాటే కావాలని కబురంపారు. తీరా చూస్తే రెండో చరణం మోరిస్‌కు గుర్తులేదు. అది నోటికి వచ్చిన మనిషి వయొలెట్ ఒక్కతే మిగిలింది.

"ఇప్పుడు గుర్తొచ్చానా? చర్చిలో నా గొంతుకు సాటి ఎవర్రా?" అందామె, ఇంటికొచ్చిన మోరిస్‌తో.

"అందుకే వచ్చానక్కా. నాకు నేర్పడం కాదు, స్టేజీ ఎక్కి నువ్వే పాడాలి. దూది మాత్రం ఇంట్లో వదిలేసి రా."