గుట్ట మీద మిషిని మోత

"గుట్ట మీద పని మొదలైంది బిడ్డా. మిషిని నడుస్తుంది, నాకు ఇనవడుతుంది. పోయి మేస్త్రీని కలుస్త."

రోజూ పొద్దున్నే మా బాపు పాడే పాట ఇది. ఆ రాళ్ల క్వారీ మూతపడి ఏళ్లయింది. అది మేడిపల్లి అవతల గుట్ట మీద, మేముండేది కోరుట్లలో. నిజంగా నడిచినా ఇక్కడికి వినిపిస్తుందా? చెవిలో అరిచి చెప్పినా వినడు. చెవికి మిషన్ కొనిపెడితే రెండు రోజులకే తీసి డబ్బాలో పడేశాడు. ఎందుకని అడిగితే, "మోత ఎక్కువైతుంది" అన్నాడు. అదేం మాటో!

నేను జాకెట్లు కుట్టుకుంటూ ఒక కన్ను గుమ్మం మీదే పెట్టాలి. ఏమాత్రం ఏమరినా టిఫిన్ డబ్బా పట్టుకుని బస్టాండుకు బయల్దేరుతాడు. మొన్న రోడ్డు దాటుతుంటే వెనక లారీ హారన్ కొడుతూనే ఉంది. ఎవరో పండ్ల బండి అతను రెక్క పట్టి లాగాడు కాబట్టి బాపు బతికిపోయాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

"నడువు! నీ కండ్లతోనే సూద్దువు!" అని దుకాణానికి తాళమేసి తీసుకుపోయాను.

బస్సు దిగాక ఆటో అతను నవ్వాడు. "గాడ ఏమున్నదక్కా, కోతులు తప్ప!"

"గా కోతులనే సూపియ్యాలె మా బాపుకు," అన్నాను.

నేను పుట్టి పెరిగింది ఆ గుట్ట మీదే. బండరాళ్ల గోడలు, రేకుల కప్పులు, ఒక కిరాణా కొట్టు, ఒక చాయ్ హోటల్, ఒకే గది బడి. పాలమూరు నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన వాళ్లందరం అక్కడే ఉండేవాళ్లం. బండకు బెజ్జాలు వేసే మిషన్ మా బాపు చేతిలో ఉండేది, పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా. ఆ మోతలో గుట్ట జనమంతా అరిచి మాట్లాడటమే నేర్చుకున్నాం. పెళ్లయ్యాక సిరిసిల్లలో ఉన్నప్పుడు, "ఎవలతోని లొల్లి పెట్టుకుంటున్నవే?" అనేది మా అత్త. సాంచెల మోతలో, ఆ మరమగ్గాల మీద బట్ట నేసే ఊరే నన్ను గొంతు తగ్గించమన్నదంటే చూడండి!

తర్వాత రాయి పగుళ్లతో రావడం మొదలైంది. కొనేవాళ్లు రావడం మానేశారు. ముందు మిషన్లు లారీలెక్కి దిగిపోయాయి, వెనక మనుషులు రేకులూ తలుపులూ ఊడదీసుకుని దిగిపోయారు. ఇప్పుడు అక్కడి మా పాత ఇంట్లో సీతాఫలం చెట్లు. రాయి తీసిన గుంతలో పచ్చటి నీళ్లు.

"సూసినవా? మిషిని ఉన్నదా? మేస్త్రీ ఉన్నడా? ఎందుకు నా పాణం తింటవ్?" అని అరిచాను. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

బాపు గుంత అంచు దాకా వెళ్లాడు. తను వేసిన బెజ్జాలను చేత్తో తడిమాడు. చుట్టూ చాలాసేపు చూశాడు.

"మిషిని లేదు గదా బిడ్డా," అన్నాడు. "మరి గీ మోత ఏడికెల్లి అస్తుంది?"

అక్కడ పిట్ట కూడా కూయడం లేదు. ఆయన తీసి పడేసిన చెవి మిషన్ అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ మొండితనమని తిట్టాను.

"నీ చెవులల్లనే ఉన్నది బాపూ!" అన్నాను.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా వైపు వంగాడు.

"జర గట్టిగ చెప్పు బిడ్డా. మిషిని మోతల ఇనవడుతలేదు."