గొడవకు రెండు గుడ్డలు

చెక్క నేలకు పట్టించే అవిసె నూనె డబ్బా మూత తీస్తే చాలు, సైదాబాద్ ఫ్లాటులో ఉన్నదాన్ని ఉప్పుగూడకు వెళ్లిపోతాను. ఇక్కడ ఒక గదికి చెక్క నేల వేయిస్తానంటే నవ్వనివాళ్లు లేరు. అయినా వేయించాను. మొన్న ఆవిరితో తుడిచే యంత్రం అమ్మవచ్చినతన్ని "ఆవిరంటే నీళ్లు కాదా బాబూ?" అని అడిగాను. యంత్రం సర్దుకుని వెళ్లిపోయాడు. అలా అడగడం నేర్పింది సత్తెమ్మ పెద్దమ్మ.

పెళ్లైన కొత్తలో ఉప్పుగూడలో మేం అద్దెకున్న ఇల్లు ఆమెది. కింద ఆమె, పైన మేం. మా గదిలోని టేకు పలకల నేలే ఆమె గదికి పైకప్పు. నేను గాజు తీసి కింద పెట్టినా ఆమెకు వినబడేది. మా ఆయనతో నా వాదనల సంగతి చెప్పక్కర్లేదు. చేరిన రోజే షరతు పెట్టింది.

"బిడ్డా, ముందుగాల మంచిగ ఊడువు, ఇసుకుంటే గీసుకపోతది. గుడ్డ పిండినంక సుక్క రాలొద్దు. చెక్క గీత ఎటు పోతే అటే తుడువు, ఎంబడే పొడిగుడ్డ. ఒక్క పలక ఉబ్బిందా, పీకి స్లాబ్ పోస్తమని నా కొడుకులు కాసుకొని కూసున్నరు. నీ అర్ర గాయబ్!"

ఆ గది పోతే కిషన్‌బాగ్‌లోని అత్తగారి ఇరుకింటికి తిరిగి వెళ్లాలి. వెళ్తే నా బీఎడ్ అటకెక్కినట్టే.

ఒకసారి నీళ్ల మోటారు వేసే వేళ గురించి ఆమెతోనే లొల్లికి దిగాను. ఆమె ఒక గుడ్డ నా ఒళ్లోకి విసిరింది. "నిలబడి ఒర్లితే నాకు సమజ్ గాదు. కూసో. తుడుసుకుంట మాట్లాడుదం."

గోడ దగ్గర మొదలుపెట్టినప్పుడు బోలెడంత ఉన్న నా కోపం, తుడుస్తూ కిటికీ చేరేసరికి రెండు మాటలకు తగ్గింది. ఆ రెండూ న్యాయమైనవే. మర్నాటి నుంచి మోటారు వేళ మారింది.

బోనాల ముందు మా అత్తగారు వచ్చి రెండు బకెట్లు నింపి పైకి తెచ్చింది.

"నీళ్లు కొట్టని ఇల్లు గూడ ఇల్లేనా? పండుగ పూట ఏందీ దరిద్రం!"

నేను నోరు తెరిచేలోపే మెట్ల మీద పెద్దమ్మ గొంతు వినిపించింది. "వదినా, బకెట్ కింద వెట్టు!"

"నీకేంది? నా కోడలు అర్ర ఇది."

"అర్ర నీ కోడలిదే. నువ్వు వోసే నీళ్లు పడేది నా మంచం మీద!" అంటూ పైకి వచ్చి, రెండు గుడ్డలు పిండి, ఒకటి చాచింది. "దా, కూసొని తేల్సుకుందాం. ఓడిపోతనని ఫికర్ గినుంటే వద్దులే."

మా అత్తగారు ఆ మాట పడే మనిషి కాదు. కొంగు దోపి కూర్చుంది. పలక వెంబడి పలక, మాటకు మాట.

"ఆ మూల మురికి నీకు కనవడ్తలేదా?" అంది అత్తగారు.

"నీ దిక్కే ఉన్నది గదా, నువ్వే తుడువు!"

నీళ్లు పోస్తేనే శుభ్రమన్న మాట అత్తగారు చివరిదాకా వదల్లేదు. కానీ కిటికీ చేరేసరికి నేల నిగనిగలాడుతోంది; పోయడానికి సాకు మిగల్లేదు. రెండు బకెట్లూ దింపుకుని వెళ్లి వాకిట్లో కొట్టింది. ఒక్క పలకా ఉబ్బలేదు. నా బీఎడ్ ఆ నేల మీదే పూర్తయింది.

ఇప్పుడు ఈ చెక్క నేల గది గుమ్మంలో మా అమ్మాయి. "అమ్మా, నేను ఆ జాబ్ చెయ్య. నువ్వేమన్న అనుకో!"

అనడానికి నా దగ్గర చాలానే ఉంది. పొడిగుడ్డ ఆమె మీదికి విసిరాను. "కూర్చో. కిటికీ దగ్గరికొచ్చేసరికి ఏం మిగుల్తదో అది చెప్పు. నేనూ అంతే చెప్త."

మూతి ముడుచుకునే కూర్చుంది. గుడ్డ అడ్డంగా రుద్దుతోంది.

"గీత వెంబడి," అన్నాను.