పగులు మీద గాజుముక్క

కొలతలాయన ఎవర్నీ ఓ పట్టాన నమ్మడు. లోయకి అటూ ఇటూ పాతిన రెండు ఇనుప కడ్డీల మధ్య దూరం కొలవడం ఆయన ఉద్యోగం. ఎక్కడో రెండు భూఫలకాలు ఢీకొంటుంటే, ఆ ఒత్తిడికి ఇక్కడి నేల పక్కలకి సాగుతోందని ఆఫీసువాళ్లంటారు. దూరం పెరిగినప్పుడల్లా ఆయన మాత్రం ముందు పరికరాన్ని, తర్వాత కడ్డీ కదిపాడేమోనని గొర్రెలు మేపేవాణ్ణి అనుమానిస్తాడు. కళ్లద్దాలు తుడుచుకుని, మూడుసార్లు కొలిస్తేగాని కాగితం మీద పెట్టడు. ఆ లోయలోనే ఉన్న తన ఇంట్లో గోడ పగిలితే మేస్త్రీని తిట్టిపోసి, పగులు పెరిగితే విరిగి తెలియజేస్తుందని దానికి అడ్డంగా పల్చటి గాజుముక్క అతికించాడు. మొన్న పొద్దున చూస్తే అది రెండు ముక్కలైంది.

"తలుపు దబాలున వేశావు కదూ?" అని భార్యని నిలదీశాడు.

"ఆ తలుపు మూసుకోక ఏడాదైంది. గుమ్మం ఒరిగిందంటే, నాకు వెయ్యడం చేతకాదన్నారుగా!" అందామె.

ఆయన టేపు తెచ్చి గుమ్మం కొలిచాడు. ఒక్కసారే కొలిచి, కాళ్ల కింది నేల వంక అనుమానంగా చూశాడు.