మిగిలిన మూడు గుర్రాలు

మా హాల్లో ఏడు గుర్రాల పటం ఒకటి ఉండేది. అన్నవరంలో వ్రతం చేయించుకుని కొండ దిగి వస్తూ, కింద కొట్లో మా అత్తగారు కొన్నారు. గుర్రాలు ఇంట్లోకి పరిగెత్తుకొస్తున్నట్టు తగిలించాలట. అలా తగిలిస్తే లక్ష్మి కూడా వాటి వెనకాలే వస్తుందట. ఈ గోడకైతే బయటికి పోతున్నట్టున్నాయని, ఆ గోడకైతే ఎండ పడుతోందని మేకు మార్చి మార్చి హాలంతా చిల్లులు చేశాం. లక్ష్మి సంగతేమో గాని చెమ్మ మాత్రం వచ్చింది. ధవళేశ్వరంలో కాలవ పక్కన ఇల్లు. వానాకాలం గోడ నీళ్ళు పీల్చుకుని తెల్ల గుర్రాలన్నీ కామెర్లు వచ్చినట్టు పచ్చబడ్డాయి.

మా ఆయన ఓ కాలేజీ బస్సు నడిపేవారు. కాలవ గట్టు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే ఎవరైనా బండి ఆపి వెనక్కి తీయాల్సిందే. ఈయన మాత్రం జానెడు సందు ఉంటే చాలు, టైరు గట్టు దిగకుండా బస్సుని తప్పించి తీసుకుపోయేవారు. ఇంట్లో మంచినీళ్ళు ముంచుకుంటే సగం నేల మీదే ఒలకబోసే మనిషికి బస్సులో కూర్చుంటే అంత ఒద్దిక ఎక్కణ్ణుంచి వచ్చేదో నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుంటూ కూలబడిపోయారు. పక్షవాతం. ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కాలు కొంచెం స్వాధీనంలోకి వచ్చి కర్రపోటుతో నడవసాగారు. చూడ్డానికొచ్చిన వాళ్ళందరిదీ ఒకటే మాట: "మాట పోలేదు, మతి పోలేదు. అదృష్టవంతులండీ." అదృష్టమంటే ఇలా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయనదీ ఒకటే మాట: "సోమవారం నుంచి డ్యూటీకెళ్తాను." ఏ సోమవారమో చెప్పేవారు కాదు. కాలేజీ మేనేజరుగారు మంచివారు. బస్సుని తాత్కాలికంగా ఇంకొకరికిచ్చి, ఈయన కోలుకుని వస్తే సీటు ఈయనదేనన్నారు. ఇల్లు గడవడం ఒకెత్తు. నేను నాలుగు జాకెట్లు ఎక్కువ కుట్టి ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. ఆ స్టీరింగు ముందు మళ్ళీ కూర్చోకపోతే ఈ మనిషి ఏమైపోతారన్నదే నా బెంగ.

వ్యాయామం చేయించడానికి ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి, ఊరికే కూర్చోబెట్టకండి, ఏదో ఒక పని పెట్టండి అంది. పాత సామాన్లతో కొత్తవి చేసే వీడియోలు ఫోనులో చూడ్డం నాకో పిచ్చి. పాత పటం మీద తెల్ల రంగు పూసి, ఆ పైన మిగిలిపోయిన రంగులతో ఇష్టమొచ్చినట్టు గీసుకుంటే మోడరన్ ఆర్ట్ అయిపోతుందని అందులో ఒకావిడ చేసి చూపించింది. మా అటక మీద గేటుకి వేసిన ఆకుపచ్చా, దేవుడి గదికి వేసిన నీలం, అడుగున కాస్త తెల్లరంగూ ఉన్నాయి. కామెర్ల గుర్రాలు సరేసరి.

అత్తగారు భగ్గుమన్నారు. "ఏడు గుర్రాల్నీ చెరిపేస్తారా? ఉన్న అరిష్టం చాలదూ?"

"అవి ఉండగానే కదండీ ఇదంతా వచ్చింది" అన్నాను. నా నోరు మంచిది కాదు. ఆవిడ ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు వసారాలో బల్ల మీద పటం పరిచి, అద్దం తీసేసి, గరుకు కాగితంతో రుద్ది ఆయన ముందు పెట్టాను. తెల్ల రంగు తనే వేస్తానన్నారు. కుడి చివర మొదలుపెట్టి శ్రద్ధగా మధ్యదాకా వేసి ఆగారు. ఆరాక నీలం, ఆకుపచ్చ పూసి, పళ్ళూడిన దువ్వెనతో వాటిని అడ్డంగా లాగారు. బొమ్మలు వేయడం ఏనాడూ నేర్చుకోని మనిషి. అయినా పడమటి గాలికి గోదారి నీళ్ళు రేగినట్టు ఎంత బాగా వచ్చిందో! నాలుగు గుర్రాలు ఆ నీళ్ళ కింద మునిగిపోయాయి. ఎడమ సగంలో మూడు గుర్రాలు మాత్రం ఎప్పటిలాగే పరిగెడుతున్నాయి.

"మరి మిగతాదో?" అన్నాను.

"మిగతాదేంటి? అయిపోయిందిగా" అని దువ్వెన నా చేతికిచ్చారు.

అత్తగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "చూశావా, నా మాట తీసెయ్యలేదు. మూడు ఉంచాడు. మూడైనా బేసి సంఖ్యే, వాస్తుకి మంచిదే" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. అమ్మ మాటా పెళ్ళాం మాటా పోకుండా చెరో సగం పంచిన మనిషికి బుర్ర చెడిందని ఎవరనగలరు? ఎన్నాళ్ళకో ఆ రోజు నాకు కడుపు నిండా అన్నం సయించింది.

పటం మళ్ళీ గోడెక్కింది. ఎదురింటి మాస్టారు వచ్చి చూసి, "నీళ్ళల్లోంచి గుర్రాలు లేచొస్తున్నట్టు ఏం ఊహండీ!" అన్నారు. ఈయన ఏ గుర్రాలన్నట్టు ఓసారి చూసి నవ్వి ఊరుకున్నారు. నేను ఫోటో తీసి బంధువులందరికీ పంపాను. మేనేజరుగారికీ పంపాను. ఆయన దణ్ణం బొమ్మ పెట్టారు. ఆ వారమే పెట్టెలోంచి ఖాకీ చొక్కాలు తీసి ఉతికి ఇస్త్రీ చేశాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నా సంబరం.

ఫిజియోథెరపీ అమ్మాయి రాగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పటం చూపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆ పిల్ల మొహంలో నవ్వు ఆగిపోయింది. ఈయన్ని పటానికి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది.

"అంకుల్, పటంలో ఏమేం ఉన్నాయో చెప్పండి."

"నీలం ఉంది, ఆకుపచ్చ ఉంది. అలలు."

"గుర్రాలో?"

ఆయన గొంతు తగ్గించారు. "ఇంకెక్కడి గుర్రాలమ్మా? అన్నీ కప్పేశాను. మా అమ్మతో అనకు, బాధపడుతుంది."

అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు.

ఆ అమ్మాయి ఆయన గడ్డం పట్టుకుని మెల్లగా ఎడమవైపు తిప్పింది. చూశారు. చూసి నా మీద విరుచుకుపడ్డారు. "ఇవెందుకు అతికించావే? చక్కగా వేసిన దాన్ని పాడు చెయ్యడానికి నీకు చేతులెలా వచ్చాయి?" ఆ అమ్మాయి చెయ్యి తీసేయగానే మొహం మళ్ళీ కుడివైపుకి తిరిగిపోయింది. కోపమూ చల్లారిపోయింది. ఆయనకి గుర్రాలు మళ్ళీ లేవు.

వంటింట్లోకి తీసుకెళ్ళి ఆ అమ్మాయి అడిగింది: "కంచంలో ఎడమవైపున్నది వదిలేస్తున్నారా ఆంటీ?" మా ఇంట్లో ఆవకాయ వడ్డించేది కంచంలో ఎడమ పక్కనే. అది లేనిదే ముద్ద దిగని మనిషి ఆసుపత్రి నుంచి వచ్చాక దాన్ని ముట్టలేదు. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడని నా కొడుకు ఎంత నిగ్రహంగా ఉన్నాడో చూడండని అత్తగారు ఊరంతా చెప్పుకున్నారు. ఆయన మంచానికి ఎడమ పక్క గోడ. మేమెప్పుడూ కుడివైపు నుంచే వెళ్ళి పలకరించేవాళ్ళం. ఇంక మాకెలా తెలుస్తుంది?

"కళ్ళు బాగానే ఉన్నాయి ఆంటీ. ఎడమవైపు అనేది ఒకటుందని మెదడు పట్టించుకోవట్లేదు. అలా అవుతోందని కూడా ఆయనకి తెలీదు."

"తగ్గుతుందా?"

"చాలామందికి మొదట్లోనే తగ్గుతుంది. ఇన్నాళ్ళైనా ఇంతలా ఉందంటే..."

"బస్సు?"

"స్కూటీ కూడా వద్దండి. రోడ్డు కూడా ఒంటరిగా దాటనివ్వకండి."

ఆ మాట ఆయనకి నేనే చెప్పాలి. అత్తగారు మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నారు. కొడుకు తన మాట మన్నించాడన్న సంతోషం కూడా ఆవిడకి మిగల్లేదు. సాయంత్రం ఆయన వసారాలో కుర్చీలో కూర్చున్నారు. పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, ఆయన చెయ్యి నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఏడవకూడదనుకుని, నేల చూస్తూ మొత్తం చెప్పేశాను. గుర్రాల సంగతి చెప్పాను, ఆవకాయ సంగతి చెప్పాను. "ఇంక మనకి బస్సు వద్దండీ. మీరు నడపలేరు" అన్నాను.

ఆయన కుడివైపు వంటింటి కిటికీకేసి తిరిగి గట్టిగా కేకేశారు: "ఏమే, అక్కణ్ణుంచి ఏంటి గొణుగుతావు? ఇటొచ్చి చెప్పు. వచ్చేటప్పుడు ఫోను తీసుకురా. సోమవారం నుంచి వస్తానని మేనేజరుగారికి చెప్పాలి."

ఆయన ఎడమ చెయ్యి ఇంకా నా రెండు చేతుల్లోనే ఉంది. నేను ఎటు కూర్చున్నానో అప్పుడు చూసుకున్నాను. ఆ మాటలు ఒకసారి చెప్పడానికే నాకున్న ధైర్యమంతా అయిపోయింది. చెయ్యి మెల్లగా కుర్చీ మీద పెట్టి, లేచి కుర్చీ వెనకనుంచి తిరిగి కుడివైపుకి వచ్చాను. నన్ను చూసి నవ్వారు.

"తెచ్చావా?" అన్నారు.

"తెస్తానండీ" అన్నాను.