సన్యాసిరావు ఎనిమిదో విమానం

ముప్పై తొమ్మిదేళ్ల రైల్వే ఉద్యోగంలో సన్యాసిరావు ఒక్క ఎర్ర సిగ్నల్ కూడా దాటలేదు. పాలకొండ దగ్గర పల్లెలో ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, బిలాస్‌పూర్ లోకోషెడ్‌లో ఖలాసీగా చేరి, గూడ్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. పెద్ద దొరల చేతుల మీదుగా రెండుసార్లు గడియారం అందుకున్నాడు. భన్వర్‌టోంక్ ఘాట్ కొండవాలులో యాభై ఎనిమిది నిండు వ్యాగన్లు దించుతూ వాటిని కలిపి ఉంచే కప్లింగ్ ఒక్కటీ తెంపలేదు. బిలాస్‌పూర్ సర్కండాలోని సొంతింటి ముందుగది గోడ మీద ఈ సంగతులన్నీ మూడు ఫ్రేముల్లో ఉన్నాయి.

అలాంటివాడి చేతిలో పది రోజుల్లో ఆరు విమానాలు విరిగాయి.

నిజం విమానాలు కావు. బొగ్గు కంపెనీ ఆఫీసులో పనిచేసే మనవరాలు ప్రత్యూష, ఇంట్లో కంప్యూటర్‌కి విమానం ముక్కు వంచే, లేపే ఒక కర్రపిడీ, ఇంజన్ పవర్ పెంచి తగ్గించే లివరూ తగిలించి, తెర మీద విమానం నడుపుతుంది. చూసి చూసి తాత కూడా కూర్చున్నాడు. ఎగరడం రెండోరోజుకే వచ్చేసింది. దిగడమే రాలేదు. నడిపినవాడి పేరుతో సహా ప్రతి ప్రయాణాన్నీ ఆ కంప్యూటర్ రాసి పెడుతుంది. సన్యాసిరావు పేరున ఆరు వరసలున్నాయి, ఆరూ ఎరుపే. రెండుచోట్ల వేగం మించిందనీ, నాలుగుచోట్ల రెక్క విరిగిందనీ ఉంది. ఆయన పేరు పక్కన ఎర్రసిరా పడటం అదే మొదలు.

“ఏటయ్యా, ఈ వయసులో నీకు ఆకాశమెందుకు?” అంది భార్య అసిరమ్మ. “గోడ మీది పటాలు సిగ్గుపడి దిగొచ్చీగల్వు.”

“తాతా, సింపుల్,” అంది ప్రత్యూష. “సెట్టింగ్స్‌లో డ్యామేజ్ ఆఫ్ కర్ దేతీ హూఁ. ఎంత స్పీడ్ పోయినా విరగదు.”

“అంటే మీటరు మీద గుడ్డ కప్పీసి బండి నడపమంటావేటి గుంటా?”

“పోనీ, ఈ ఆరూ డిలీట్ చేసేస్తా.”

“ముట్టుకోకు.”

ఇంజన్‌లో వేగం రాసే చార్టును చింపేసిన డ్రైవరొకడు ఆయనకు తెలుసు. ఆ తర్వాత వాడితో కలిసి ఎప్పుడూ టీ తాగలేదు.

ఆదివారం పొద్దున్న చిన్నారావు వచ్చాడు. ఇరవయ్యేళ్లు సన్యాసిరావు బండికి గార్డు, చివరి పెట్టెలో అతనిదే కుర్చీ. ఇప్పుడు కూడా టీ గ్లాసుతో మిత్రుడి వెనకాలే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఏడో విమానం రాయ్‌పూర్‌లో లేచింది. బోద్రీ పక్కనున్న బిలాస్‌పూర్ విమానాశ్రయంలో దిగాలి. ఆ దారే ఎందుకంటే, కింద కనిపించే పట్టాలు ఆయనవి. భాటాపారా, దగోరీ, బిల్హా, ఒక్కో స్టేషన్ పేరూ పైకి చదువుకుంటూ వచ్చాడు. బిల్హా దగ్గర ముక్కు కిందికి వంచాడు. వేగం చూపే సూది పచ్చరంగు దాటి, పసుపు దాటి, ఎర్రగీత మీదికి వెళ్లింది. ఎరుపు చూస్తే బ్రేకు పూర్తిగా వేసెయ్యడం ఆ చేతికి ముప్పై తొమ్మిదేళ్ల అలవాటు. పిడిని పొట్టదాకా లాగేశాడు. రెక్క విరిగింది. తెర ఆగిపోయింది.

“ఇదేటి బావా!” అన్నాడు చిన్నారావు. “ఘాట్ దిగినప్పుడు నా గలాసులో టీ ఒక్కనాడూ ఒలకనేదు. ఇపుడేటి, గేదెని తాడట్టుకు లాగినట్టు లాగీసినావు?”

సన్యాసిరావు పిడి వదిలాడు. ఘాట్‌లో ఆయన ఏం చేసేవాడు? వాలు రాకముందే పవర్ తీసేసేవాడు. వేగం పెరిగాక కాదు, పెరగబోయే ముందే, కొంచెం కొంచెంగా బ్రేకు వేసేవాడు. ఒక్కసారి వేస్తే వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుని, గుంజుకుని, కప్లింగ్ తెగుతుంది. ఇక్కడ వ్యాగన్లు లేవు. కానీ రెక్క విమానం ఒంటికి అతుక్కున్న చోటు ఉంది, ఒక్కసారిగా లాగితే అదీ తెగుతుంది.

“గుంటా, ముక్కు వంచకముందే పవర్ తగ్గించాలి గదా?”

“అరే, వహీ తో పది రోజుల్నుంచి చెప్తున్నా తాతా!”

“నువ్వు చెప్పినావు గానీ, ఘాట్ అని చెప్పనేదు.”

ఎనిమిదో విమానానికి చిన్నారావు గ్లాసు నిండా మళ్లీ టీ పోయించుకుని, గార్డు జెండాలా పచ్చ తువ్వాలు ఊపాడు. “ఆల్ రైట్.” “ఆల్ రైట్,” అన్నాడు డ్రైవరు, వెనక్కి తిరక్కుండానే.

దగోరీ దాటగానే పవర్ తగ్గించాడు. సూది వెనక్కి జారేదాకా ఆగి, అప్పుడు ముక్కు కొంచెం వంచాడు. బిల్హా మీద గాలి కుదుపుకి సూది మళ్లీ పసుపులోకి ఎక్కింది. ఎర్రగీత వెంట్రుకవాసి దూరంలో ఉంది. పిడిని మళ్లీ పొట్టదాకా లాగబోయాడు. వెనక గ్లాసులో టీ ఉందని గుర్తొచ్చింది. లివరు పూర్తిగా తగ్గించి, పిడిని రెండువేళ్లతో, పసిబిడ్డ చేతిలోంచి బొమ్మ తీసినంత మెల్లగా వెనక్కి తెచ్చాడు. సూది ఆగింది. తర్వాత దిగింది.

“ఫ్లాప్స్ అభీ నహీఁ తాతా! సూది తెల్ల గీతలోకి రానీ!” ఫ్లాప్స్ అంటే రెక్క వెనక పలకలు; సూది తెల్ల గీతకి రాకముందే, వేగంలో దించితే అవీ విరుగుతాయి. ఆగాడు. దించాడు. విమానం రన్‌వే మీద రెండుసార్లు ఎగిరిపడి, చివర్న గడ్డికి నాలుగడుగుల ఇవతల నిలబడింది.

“సుక్క ఒలకనేదు బావా,” అన్నాడు చిన్నారావు గ్లాసు చూపిస్తూ.

“కుర్సీలో కూకున్నోడి టీ ఎందుకొలుకుద్ది?” అంది అసిరమ్మ.

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఎనిమిదో వరస పచ్చగా వచ్చింది. ప్రత్యూష ఆ ఒక్క వరసే ప్రింటు తీస్తానంది. సన్యాసిరావు ఒప్పుకోలేదు.

ఇప్పుడా గోడ మీద నాలుగో ఫ్రేముంది. అందులో ఏడు ఎరుపులు, అడుగున ఒక పచ్చ. ఇంటికొచ్చినవాళ్లు ఇదేమిటని అడిగితే, ఆయన మొదటి ఎరుపు దగ్గర్నుంచీ మొదలుపెడతాడు.