గోడ అవతలి తెల్ల తిమింగలాలు

దయ్యాల సినిమాలకు కెమెరా పట్టినవాడిని నేను. పొగ ఎటునుంచి వదులుతారో, తలుపు చాటున ఎవరు దాక్కుంటారో దగ్గరుండి చూశాను. ఇలాంటి వింతలు ఎవరైనా చెబితే నవ్వేసేవాడిని. ఇప్పుడు నేనే చెబుతున్నాను.

మొన్న వేసవిలో ఒక పాట కోసం నార్వేకు ఉత్తరాన ఉన్న మంచు దీవులకు వెళ్ళాం. దర్శకుడు ఫిల్మ్‌నగర్ ఆఫీసులోనే తేల్చి చెప్పాడు. హీరోయిన్ ఓడ అంచున నిలబడాలి, వెనక తెల్ల తిమింగలాలు లేవాలి. గ్రాఫిక్స్ వద్దు, నిజమైనవే కావాలి.

మాది చిన్న ఓడ. నిటారు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లో తిరిగాం. వాటిని ఫ్యోర్డ్‌లంటారు. మంచుగడ్డ మీద పొడవాటి కోరల సముద్ర జంతువు వాల్రస్ దొర్లుతూ కనిపించింది. ఒడ్డున ధ్రువపు ఎలుగుబంటి నడిచిపోతుంటే యూనిట్ మొత్తం ఊపిరి బిగబట్టింది. తిమింగలాలు మాత్రం రాలేదు. చివరి రోజు కూడా మధ్యాహ్నం దాటిపోయింది. దర్శకుడు మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు.

అప్పుడు మోతీనగర్ నుంచి మా అక్క వీడియో కాల్ చేసింది. చలిగాలికి ఓర్చుకోలేక కేబిన్ ఇనుప గోడకు వీపు ఆనించి మాట్లాడుతున్నాను. ఆమెకు కనిపించేది నా ముఖం, వెనక గోడ. అంతే.

"తిన్నవారా?" అని అడుగుతూనే ఒక్కసారిగా కేక పెట్టింది. "అరే, గవేందిరా తెల్లగ? నీళ్ళల్లకెళ్ళి లేస్తున్నయ్! పక్కన పిల్ల గూడ ఉంది, అది బూడిద రంగుంది!"

"యాడక్కా? గీడ గోడే ఉన్నది."

"గోడ గాదురా, అవతల! జల్ది ఉరుకు!"

నవ్వబోయాను. ఆమె గొంతు నవ్వనివ్వలేదు. కాల్ కట్ చేయకుండానే ఫోన్ జేబులో వేసుకుని, కెమెరా భుజానికెత్తుకుని అవతలి వైపుకు పరుగెత్తాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఏమీ లేవు. అయినా ఎందుకో, "మేడమ్, వచ్చి నిలబడండి!" అని అరిచేశాను.

హీరోయిన్ వచ్చి నిలబడిందో లేదో, నీళ్ళు బుస్సుమన్నాయి. తెల్లటి వీపు. దాని వెనక ఇంకొకటి. తర్వాత గుంపంతా! తల్లిని అంటుకుని బూడిద రంగు పిల్ల. మా వాళ్ళు ఈలలు వేశారు. దర్శకుడు ఏడుస్తూ నన్ను కౌగిలించుకున్నాడు. షాట్ ఎక్కడా చెదరలేదు.

తిరిగొచ్చాక అక్కను అడిగితే తేలిగ్గా కొట్టిపారేసింది. "నువ్వు చూపిస్తేనే గదరా చూసిన? ఫోటో గూడ పట్టిన" అంటూ ఆ కాల్ నడుస్తుండగా తీసిన స్క్రీన్‌షాట్ చూపించింది.

అందులో తిమింగలాల వీపులున్నాయి. వాటికి అవతల మా ఓడ ఉంది. ఓడ అంచున కెమెరా ఎత్తుకుని నేనున్నాను. నీటి మట్టం నుంచి ఓడవైపు చూస్తూ తీసినట్టుంది. అప్పుడు ఫోన్ నా జేబులో ఉంది. ఆ వైపు పడవలు గానీ మనుషులు గానీ లేరు.

మా ఎడిటర్‌కు చూపించాను. ఫోటోలో ఏ మార్పూ చేసినట్టు లేదన్నాడు. నాకు భయమైతే వేయలేదు. అది చూసినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది. కానీ నీళ్ళలోంచి మమ్మల్ని చూసిందెవరో ఈరోజుకీ చెప్పలేను.